పావంగుళం లెక్క

మా ఇంట్లో కుట్టు మిషన్ మా ఆవిడది, ఇస్త్రీ పెట్టె నాది. నేను రిటైరయ్యాక కుదిరిన ఒప్పందం ఇది. ఆవిడ పెళ్ళైన కొత్తల్లో మొదలుపెట్టి ఇప్పటికీ విశాఖ శ్రీహరిపురంలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతోంది. చుట్టుపక్కల వీధుల ఆడవాళ్ళందరి చేతి కొలతలు ఆవిడకి కంఠతా వచ్చు. నేను షిప్‌యార్డ్‌లో ఓడ గీతలు గీసే మోల్డ్ లాఫ్ట్‌లో చేరి, తర్వాత ఫ్యాబ్రికేషన్ షాపుకి మారి, అక్కడే సర్వీసు ముగించినవాణ్ణి. ఇద్దరం బతుకంతా కొలిచి, కోసి, అతికినవాళ్ళమే. ఆవిడ గుడ్డ, నేను ఇనుము. ఇప్పుడు ఇద్దరం కలిసి ఒక బొంత కుడుతున్నాం. ఈ 'కలిసి' అన్న మాట మాత్రం ఆవిడ ముందు అనకండి.

బొంత అడిగింది మా అమ్మాయి. బెంగళూరులో ఉద్యోగం. అక్కడ తన ఫ్రెండ్ ఇంట్లో తొమ్మిది గళ్ళ బ్లాకులతో కుట్టిన క్విల్టు చూసిందట. "నాన్నా, అమ్మ దగ్గర జాకెట్ల ముక్కలు సంచుల్లో మూలుగుతున్నాయి కదా, వాటితో నాకొకటి కావాలి. తొందరేం లేదు, మెల్లిగానే కుట్టండి" అని ఫొటో పంపింది. పని అప్పజెప్పినవాళ్ళే తొందర లేదనడం నా సర్వీసు మొత్తంలో వినలేదు. ఓడ డెలివరీ తేదీ దగ్గర పడిందంటే జనరల్ మేనేజర్ నుంచి ఖలాసీ దాకా అందరికీ టెన్షనే.

మంచం కింద సంచులు బయటికి లాగితే ఆవిడ వృత్తి చరిత్రంతా బయటపడింది. జాకెట్లకి వాడే టూ బై టూ గుడ్డ ముక్కలు, లైనింగ్ ముక్కలు, చంక దగ్గర గుండ్రంగా కోయగా మిగిలినవి, చేతుల పక్కన మిగిలే పొడుగు పట్టీలు. వీటితో పాటు బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్ ముక్కలు. వీటి సంగతి మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. ఒకరు మనకి పెడతారు, మనం ఇంకొకరికి పెడతాం, ఎవరూ కుట్టించుకోరు. మా ఇంట్లోంచి వెళ్ళిన ఆకుపచ్చ ముక్క ఒకటి కొన్నాళ్ళకి తిరిగి మా ఇంటికే వచ్చిందని ఆవిడ ఒట్టేసి చెబుతుంది. అంచు మీద ఆవిడ గీసిన చాక్ గీత అలాగే ఉందట.

నూలు కానిది ఈ బొంతలోకి రాకూడదని నేను మొదటే రూలు పెట్టాను. నూలు గుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది. పోలిస్టర్ పెద్దగా ముడుచుకోదు. రెండూ పక్కపక్కన కుడితే మొదటి ఉతుకులోనే కుట్టు వెంబడి ముడతలు లేస్తాయి. ఇస్త్రీ వేడి కూడా రెండింటికీ ఒకటి పనికిరాదు. ఆవిడ వేళ్ళతో నలిపి ఏది ఏదో చెప్పేస్తుంది. నాకది చేతకాదు, నాది అగ్గిపుల్ల పద్ధతి. అంచున నాలుగు పోగులు లాగి కాలిస్తే, నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతుంది. పోలిస్టరైతే కరిగి గట్టి పూస కడుతుంది. వంటింట్లో సింకు పక్కన నిలబడి సంచులన్నీ అలా పరీక్ష చేశాను. బొట్టు పెట్టి ఇచ్చిన ముక్కల్లో చాలా భాగం పూసలే కట్టాయి. "అయితే ఇన్నాళ్ళూ పసుపు కుంకుమ పెట్టి మరీ ప్లాస్టిక్ ఇచ్చుకున్నామన్నమాట" అంది ఆవిడ.

గట్టెక్కిన నూలు ముక్కల్ని ఉతికాం. ఎరుపు, మెరూన్ విడిగా బకెట్లో, నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఆరేయడం ఇంట్లోనే, ఫ్యాను కింద. సింధియా, మల్కాపురం, శ్రీహరిపురం వైపు ఉండేవాళ్ళకి కారణం చెప్పక్కర్లేదు. తెల్ల గుడ్డ డాబా మీద ఆరేస్తే సాయంత్రానికి దాని మీద నల్లటి పొడి వేలికి అంటుతుంది. ఆరాక గంజి పెట్టాం. కుక్కర్లు వచ్చాక అన్నం వార్చే గంజి ఎక్కడిది, సగ్గుబియ్యం కాచి పెట్టిందే. గంజి లేని పాత గుడ్డ పెన్సిల్ ముందు నిలవదు; గీత గీస్తుంటేనే అటూ ఇటూ సాగుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా మాట వింటుంది. కాకపోతే మన విశాఖ గాలిలో ఆ బిగువు ఎంతోసేపు ఉండదు. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగాక మెత్తబడటం మొదలవుతుంది. అందుకని గీయడం, కోయడం పొద్దుటి పని. కుట్టడం ఎప్పుడైనా.

బొంత నాకు కొత్త కాదు. మాది చోడవరం వైపు పల్లెటూరు. బెల్లం వంటలు ముగిసి, ఎండలు ముదరక ముందు వచ్చే ఖాళీలో మా అమ్మ అరుగు మీద చాప పరిచి బొంత మొదలుపెట్టేది. కింద పాత చీర, మధ్యలో చిరుగులు పట్టిన నాన్న పంచెలు, పైన కాస్త మంచి చీర. గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్ళు. చిల్లు ఉన్నచోట చేతికందిన ముక్క వేసి, రెండు వేళ్ళ ఎడంలో ఈ చివర నుంచి ఆ చివరకి పొడుగు కుట్టు. టేపు లేదు, సుద్ద లేదు. చీర వెడల్పు ఎంతో బొంత వెడల్పు అంత. వరసలు వంకర పోయేవి, వంకర ఎక్కువైతే మధ్యలో ఇంకో వరస కలిసేది.

ఆ బొంత ఒకటి ఇప్పటికీ మా దగ్గర ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వంటింటి కిటికీ అద్దం ఎగిరిపోయింది. ఇంట్లో అంత బరువైన గుడ్డ ఇంకోటి లేక, దాన్నే కిటికీకి అడ్డం పెట్టి, బల్ల ఆనించి, మా ఇద్దరి వీపులూ ఆనించాం. వానకి తడిసి ఇద్దరు మోస్తే గానీ లేవనంత బరువైంది. ఆ తర్వాత కరెంటు లేదు, ఫ్యాను లేదు, డాబా మీద రోజుల తరబడి ఆరేశాం. ఒక్క కుట్టు ఊడలేదు. పై చీర అక్కడక్కడా చిరిగింది గానీ వరసలు వరసలుగానే ఉన్నాయి.

ఆ బొంతలో తప్పెక్కడుందో చూపించమంటే నేను చూపించలేను. ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసినవాడికి ఇది వెంటనే అర్థమవుతుంది. తప్పు చూపించాలంటే పక్కన డ్రాయింగ్ ఉండాలి. అమ్మ దగ్గర డ్రాయింగే లేదు. ముక్క ఎక్కడ పడితే అదే దాని చోటు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని నది మలుపులో ఒక ఊరుంది. బానిసలుగా పత్తి పొలాల్లో పనిచేసినవాళ్ళ సంతతి అక్కడి నల్లజాతి కుటుంబాలు. ఆడవాళ్ళు చిరిగిపోయిన పని బట్టలతో, జీన్స్ ప్యాంట్లతో బొంతలు కుట్టుకునేవాళ్ళు. 2002లో వాటిని న్యూయార్క్‌లో విట్నీ మ్యూజియంలో గోడలకి తగిలించారు. 2006లో అక్కడి తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చూపించింది. ప్యాంటు జేబు పీకేసినచోట నీలం ఇంకా ముదురుగా ఉండిపోయింది, దాన్ని అలాగే వాడుకున్నారు. పట్టీలు ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నం. వీటి గురించి రాసేవాళ్ళలో కొందరు 'లోపాల్లోని అందం' అంటారు. నాకా మాట నచ్చదు. ఆ పట్టీ వంకరగా పోవాలని కుట్టినావిడ అనుకుంది, పోయింది. అందులో లోపం ఏముంది?

మనకి దగ్గర్లోనే కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా అడవుల వైపు సిద్దీలు ఉన్నారు. పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి. వాళ్ళ బొంతని కవంది అంటారు. దాని పద్ధతి నన్ను బాగా ఆకట్టుకుంది. ముందుగా బ్లాకులు చేసి కలపడం ఉండదు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ, ముక్క మీద ముక్క పెట్టి, అన్ని పొరలూ కలిపి కుట్టుకుంటూ మధ్యకి వస్తారు. చివరి ముక్క మధ్యలో పడుతుంది. మూలల్లో మడతపెట్టిన చిన్న ముక్కలు పువ్వుల్లా పెడతారు. అవి లేకపోతే వాళ్ళకి బొంత పూర్తయినట్టు కాదు. కొలత తప్పే ప్రశ్నే లేని పద్ధతి అది. ఉన్న ఖాళీని బట్టి ముక్క వస్తుంది, ముక్కని బట్టి ఖాళీ మిగులుతుంది.

మా అమ్మాయి పంపిన ఫొటోతో వచ్చిన చిక్కు ఇదే. అది డ్రాయింగ్. తొమ్మిదంగుళాల బ్లాకు, అందులో మూడంగుళాల గళ్ళు తొమ్మిది, బ్లాకుల మధ్య పట్టీలు, గళ్ళ మూలలు ఎక్కడికక్కడ కలవాలి. ఇక్కడ తప్పుకి చోటుంది. కాబట్టి ఎంత తప్పు సరేననుకోవాలో కూడా ముందే తేల్చుకోవాలి.

లెక్క చెబుతాను, ఓపిక లేనివాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. మూడంగుళాల గడి రావాలంటే ముక్క మూడున్నర అంగుళాలు కోయాలి, ప్రతి పక్కా పావంగుళం కుట్టులోకి పోతుంది. ఇప్పుడు మిషన్ పాదం కాస్త అటు జరిగి, పావంగుళం బదులు ఇంకో పదహారో వంతు ఎక్కువ పట్టిందనుకోండి. అది కంటికి ఆనదు కూడా. కానీ ఒక కుట్టులో రెండు ముక్కలుంటాయి, రెండింట్లోంచీ పదహారో వంతు పోయింది, అంటే కుట్టుకి ఎనిమిదో వంతు. ఒక వరసలో మూడు గళ్ళకి రెండు కుట్లు, బ్లాకు పావంగుళం కురచ. అలాంటి బ్లాకులు ఎనిమిది ఒక వరసలో పెడితే రెండంగుళాలు మాయం. పక్క వరస సరిగ్గా కుట్టి ఉంటే ఈ రెండూ కలవనే కలవవు. సగానికి వచ్చాక ఏడుపొక్కటే తక్కువ.

పావంగుళం అని సరిగ్గా పావంగుళమే కుట్టినా తేడా వస్తుంది. ఇది నాకు ఆవిడ చెబితే గానీ తట్టలేదు. కుట్టాక గుడ్డ మడత తిరుగుతుంది, ఆ మడత మందం ఒకటి రెండు పోగులు మింగుతుంది. అందుకని పావంగుళానికి పోగంత లోపలే కుట్టాలి. వినగానే నాకు వెల్డింగ్ గుర్తొచ్చింది. ప్లేట్లు వెల్డ్ చేశాక చల్లారుతూ ముడుచుకుంటాయి. ఆ ముడుచుకునేది ముందే లెక్కేసి ప్లేటు కాస్త ఎక్కువ కొలతకి కోస్తాం. బ్లాకు అంచుల్లో కొన్ని చోట్ల అదనపు మార్జిన్ వదిలి, పక్క బ్లాకుతో కలిపే రోజున అప్పుడు కోసి సరిపెడతాం. అవును, ఓడని కూడా బ్లాకులుగానే చేస్తారు. షాపులో విడివిడిగా చేసి, క్రేనుతో లేపి, స్లిప్‌వే మీద, అంటే ఓడని కట్టి నీళ్ళలోకి జార్చే వాలు గట్టు మీద, ఒకదానికొకటి అతుకుతారు. 1948లో జల ఉష అనే ఓడ నీళ్ళలోకి దిగిన యార్డులో పనిచేసి, ఇప్పుడు గుడ్డ ముక్కలు అతుకుతున్నానని పాత కొలీగ్స్ వాట్సాప్‌లో ఏడిపిస్తుంటారు. బ్లాకు అనే మాట రెండు చోట్లా ఉందని చెప్పినా వినరు.

మిషన్ మీద మొదలుపెట్టాం గానీ శ్రావణ మాసం దగ్గర పడింది. శ్రావణంలో ఆవిడ మిషన్‌ని ముట్టుకోవడానికి దేవుడికి కూడా పర్మిషన్ లేదు. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్ అందకపోతే ఆడవాళ్ళు క్షమించరు. అలా నేను చేతికుట్టుకి దిగాను. దిగాక తెలిసింది, నా పాత పనికి దగ్గరగా ఉన్నది అదేనని.

మోల్డ్ లాఫ్ట్ అంటే పెద్ద హాలు, నున్నటి చెక్క నేల. ఓడ గీతలు అసలు సైజులో ఆ నేల మీద గీసేవాళ్ళు. సన్నటి చెక్క బద్దల్ని వంచి, మేకులతో నిలబెట్టి, ఓడ పొట్ట వంపు గీసి, దాన్నుంచి టెంప్లేట్లు కోసి కిందికి పంపేవాళ్ళు. నేను చేరేనాటికే ఆ పని చివరి దశలో ఉంది, తర్వాత కంప్యూటర్ వచ్చి హాలు ఖాళీ చేసింది. అక్కడ మాకు మొదటి రోజే చెప్పే విషయం, ఈ గీత ప్లేటు లోపలి ముఖానిది అని. ప్లేటు మందం గీతకి బయట ఉంటుంది. పల్చటి ప్లేటు వేసినా, మందం ప్లేటు వేసినా గీత మారదు.

మిషన్ మీద కుట్టేటప్పుడు ముక్క అంచే కొలత. అంచు వంకరగా కోస్తే కుట్టు వంకర. చేతికుట్టులో అంచుకి విలువ లేదు. మూడంగుళాల టెంప్లేటు గుడ్డ వెనక పెట్టి పెన్సిల్‌తో గీస్తాం. ఆ గీతే కుట్టే దారి. కత్తెర దానికి పావంగుళం అవతల ఉజ్జాయింపుగా పోతుంది. కాస్త ఎక్కువ పోయినా, తక్కువ పోయినా బ్లాకు కొలత మారదు. రెండు ముక్కలూ ముఖాముఖి పెట్టి, ఈ ముక్క గీత మూలలో గుండుసూది దింపి, అది అవతలి ముక్క గీత మూలలోనే తేలిందో లేదో తిప్పి చూసి, అక్కడి నుంచి అక్కడికే కుట్టాలి. అంచు దాకా పోకూడదు. నాలుగు మూలలు కలిసేచోట అదనపు గుడ్డ కుట్టులో ఇరుక్కోకుండా విడిగా ఉంటుంది కాబట్టి ఇస్త్రీ చేసేటప్పుడు ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఖచ్చితం అనేది కత్తెర నుంచి పెన్సిల్‌కి మారింది. కత్తెర చేతిలో వణికే వయసు నాది. పెన్సిల్ ఇంకా వణకడం లేదు.

టెంప్లేట్లు ఆవిడ మోకాలి ఎక్స్‌రే ఫిల్ము కోసి చేశాను. పల్చగా ఉంటుంది, అరగదు, వెనక రంగు కనబడుతుంది. ఎడమ మోకాలు చదరాలు, కుడి మోకాలు త్రికోణాలు. "నా అరిగిన ఎముకలు మీకలా పనికొచ్చాయి" అంటుంది.

త్రికోణాలు ఎందుకంటే కొన్ని బ్లాకుల్లో చదరాన్ని ఐమూలగా రెండు రంగులుగా అమ్మాయి అడిగింది. ఇవి మొండి ఘటాలు. పడుగు, పేక ఎటు పోతే అటు గుడ్డ గట్టిగా ఉంటుంది. ఐమూలగా కోసిన అంచు మాత్రం రబ్బరులా సాగుతుంది. దాన్ని ఇస్త్రీ పెట్టెతో రుద్దితే త్రికోణం బానెడు పొట్ట వేస్తుంది. పెట్టెని ఎత్తి పెట్టాలి, ఎత్తి తీయాలి, జరపకూడదు. చొక్కాకి చేసే ఇస్త్రీ వేరు, ఇది వేరు. నా సొంత శాఖ కాబట్టి ఈ విషయంలో ఆవిడ మాట కూడా విననని ప్రకటించాను.

ఇక ఏది విప్పాలి, ఏది వదలాలి అన్నది. మొదట్లో నేను మిల్లీమీటర్ స్కేలు పట్టుకుని ప్రతి మూలా చూసేవాణ్ణి. ఒక పోగు తప్పితే విప్పేవాణ్ణి. ఆవిడ చూసి చూసి "కప్పుకున్నోడికి కనబడతాదేటండి?" అంది. ఆవిడది ఆ ఒక్కటే కొలత. నాది అంత తేలిగ్గా తెగదు. యార్డులో డ్రాయింగ్ మీద ప్రతి కొలతకీ పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఉంటుంది. అది ఉదారత కాదు, లెక్క. ఎక్కడ మిల్లీమీటరు తేడా వస్తే పక్క పని ఆగిపోతుందో అక్కడ బిగిస్తారు, ఎక్కడ ఆగదో అక్కడ వదులుతారు. రబ్బరు స్టాంపు వేసే ఇన్‌స్పెక్టర్‌కి కూడా ఆ వదిలిన మేర మీద అభ్యంతరం ఉండదు.

బొంతకీ అలాగే తేల్చుకున్నాను. బ్లాకు బయటి కొలత అసలైనది, ఎందుకంటే దాని మీద పక్క బ్లాకు బతకాలి. పదహారో వంతు దాకా తేడా ఉంటే రెండు చివర్లా, మధ్యలో గుండుసూదులు గుచ్చి, మిగిలిన గుడ్డని కొంచెం కొంచెం సర్ది కుట్టేస్తే నూలు సర్దుకుంటుంది. మిషన్ మీదైతే ఎక్కువ పొడుగున్న బ్లాకు కిందికి పెట్టాలి, కింద పళ్ళు దాన్ని లాగేసుకుంటాయి. ఎనిమిదో వంతు దాటితే విప్పుతాను. బ్లాకు లోపల గళ్ళ మూలలు ఒకటి రెండు పోగులు కలవకపోతే చూడను కూడా చూడను. కుట్టు మాత్రం గుడ్డ అంచుకి మరీ దగ్గరగా పడితే, పైకి ఎంత అందంగా ఉన్నా విప్పాల్సిందే. టూ బై టూ పోగులు ఊడే రకం, రెండు ఉతుకుల్లో అక్కడ చిల్లు పడుతుంది. బలం పోయే తప్పు వేరు, కంటికి కనబడే తప్పు వేరు. మొదటిదాన్ని నేను ఒప్పుకోను, రెండోదాన్ని పట్టించుకోను. ఆవిడకి మాత్రం కంటి తప్పుల్లో ఒకటుంది, ముక్క తిరగేసి కుట్టడం. టూ బై టూలో వెనకా ముందూ ఏముంది అంటే వెలుతురు దగ్గర పెట్టి చూపిస్తుంది. నాకు రెండూ ఒకలాగే ఉంటాయి. అలాంటి గడి ఒకటి మూడో వరసలో ఉంది, అదెక్కడుందో ఆవిడ అమ్మాయికి ముందే ఫోన్ చేసి చెప్పేసింది.

విప్పడానికీ హద్దుంది. విప్పిన ప్రతిసారీ అంచు పోగులు వదులవుతాయి, ముక్క కాస్త సాగుతుంది. ఒకే కుట్టు పదే పదే విప్పితే మొదటి తప్పు కంటే పెద్దది తయారవుతుంది. వెల్డింగ్‌లోనూ అంతే, ఒకే చోట గోకి మళ్ళీ మళ్ళీ వెల్డ్ చేస్తే ప్లేటు గుణమే చెడుతుంది.

క్విల్టుల గురించి చదువుతుంటే ఒక కథ తరచూ తగులుతుంది. అమెరికాలో ఆమిష్ అనే క్రైస్తవ సమాజం ఆడవాళ్ళు, దేవుడొక్కడే లోపం లేనివాడు కాబట్టి, ప్రతి బొంతలోనూ కావాలని ఒక తప్పు పెడతారట. ఎవరికైనా చెబితే వెంటనే నచ్చే కథ. క్విల్టుల చరిత్ర పరిశోధించినవాళ్ళు మాత్రం దీనికి ఆధారం లేదంటున్నారు. నాకైతే ఆధారాలు చూడకముందే అనుమానం వచ్చింది. కావాలని ఒక తప్పు పెట్టాలంటే మిగతాదంతా తప్పు లేకుండా వచ్చిందన్న నమ్మకం ఉండాలి కదా. కుట్టే మనిషికి ఆ నమ్మకం ఎక్కడ నుంచి వస్తుంది? ఆవిడకి ఈ కథ చెప్పాను. "కావాలని ఎందుకండీ, మీరున్నారుగా" అంది.

మెల్లిగా కుట్టడం ధ్యానం లాంటిదని కూడా అంటారు. ఎవరికైనా అలా ఉంటే సంతోషం. నాకైతే ఉక్కపోతలో చేతికి చెమట పట్టి సూది జారుతుంది, పౌడరు రాసుకోవాలి. ఉప్పు గాలికి సూదులు తుప్పు పడతాయి, మిషన్ ఆయిల్ తడిపిన గుడ్డలో గుచ్చి ఉంచాలి. తుప్పు సూది తెల్ల గుడ్డ మీద ఎర్ర చుక్క వదులుతుంది, అది ఓ పట్టాన పోదు. కళ్ళద్దాలు పెట్టుకున్నా సూది బెజ్జంలో దారం ఎక్కదు, వీధిలో ఆడుకునే పిల్లల్ని పిలిచి ఒకేసారి పది సూదులకి ఎక్కించుకుంటాను. పనికి ఇన్ని అడ్డాలుంటే మెల్లిగా కాక ఎలా జరుగుతుంది? అయితే ఒకటి గమనించాను. చేత్తో కుట్టినప్పుడు తప్పు అంగుళం దాటకముందే దొరుకుతుంది. నాలుగు కుట్లు వేసి వెనక్కి తిప్పి చూస్తాను, గీత మీద ఉందా లేదా. మిషన్ మీదైతే వరస చివరకి వచ్చాకే తెలిసేది. చేతికుట్టు మొదలుపెట్టాక విప్పడం చాలా తగ్గింది.

పైభాగం దాదాపు కలిసిపోయింది. ఒక మూలకి ముదురు ఎరుపు చాల్లేదు. జగదాంబ సెంటర్ దగ్గర మ్యాచింగ్ సెంటర్‌కి ముక్క పట్టుకుని వెళ్ళాను. ఆ కుర్రాడు ఎరుపులోనే పాతిక రకాలు బల్ల మీద పరిచాడు. వాటిలో ఒక్కటీ మాది కాదు. ఎన్నో ఉతుకులు తిన్న ఎరుపు షాపులో ఎలా దొరుకుతుంది? దగ్గరగా ఉన్నది తెచ్చి వేశాను, పక్కన పెడితే తేడా తెలుస్తోంది. అమ్మాయికి ఫొటో పంపితే "ఏది కొత్తది నాన్నా?" అని అడిగింది. ఫోన్లో తెలియలేదో, తెలిసి అడిగిందో.

ఇప్పుడు గొడవ లోపలి పొర మీద. మూడు పొరలూ కలిపి కుట్టేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి నాలుగు పక్కలకీ పోవాలి, అప్పుడు ముడత ఏదైనా ఉంటే అంచు దాకా పోయి బయటపడుతుంది. అంచు నుంచి మొదలుపెడితే ముడత మధ్యలో చిక్కుతుంది. పెద్ద ప్లేట్ల వెల్డింగ్ కూడా మధ్య నుంచే బయటికి పోతుంది, అందుకే ఇందులో నాకు అనుమానం లేదు, ఆవిడకీ లేదు. లోపల ఏం పెట్టాలన్నదే తేలడం లేదు. పల్చటి కొత్త దూది పొర కొందామంటాను నేను, పూర్ణా మార్కెట్ వైపు పరుపుల షాపుల్లో అడుగుదామని. దూదైతే ఉతికినప్పుడు జరిగి ముద్దలు కడుతుంది, దగ్గర దగ్గరగా కుట్టాలి, బెంగళూరు చలికి పాత పంచెలు రెండు చాలు అంటుంది ఆవిడ. పంచెలు ఎన్నున్నాయో బీరువాలో లెక్క చూసి పక్కన పెట్టింది కూడా. అందులో ఒకటి నేను ఇంకా కట్టుకుంటున్నదే.